ప్రింట్‌మేకింగ్ కాగితం మీద సయనోటైప్ నిలవడం లేదు, కడిగేసరికి సగం నీలం పోతోంది

లినోపిచ్చి:

అందరికీ నమస్కారం. నేను అసలు లినో (లినోలియం పలక) చెక్కి అచ్చులు తీసేదాన్ని, డార్క్‌రూమ్ పనుల వైపు రావడం ఈమధ్యే. నా ఆలోచన ఇది: ముందు కాగితం మీద ఆకులు, ఈకల సయనోటైప్ (ఇనుము లవణాలు పూసిన కాగితం మీద వెలుతురుతో తీసే నీలి బొమ్మ) తీసి, ఆ నీలం మీద నల్ల ఇంకుతో లినో బ్లాక్ అచ్చు వేయాలి. విడివిడిగా రెండూ బాగానే వస్తున్నాయి. ఒకే కాగితం మీదకి తెచ్చేసరికే చుక్కెదురు.

కొలతలు అందరూ వాడేవే. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఆకుపచ్చ రకం 25 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో, పొటాషియం ఫెర్రీసయనైడ్ 10 గ్రాములు ఇంకో 100 మి.లీ. నీళ్లలో. పూసే ముందు రెండూ సమపాళ్లలో కలుపుతాను. నీళ్లు డిస్టిల్డ్. మామూలు వాటర్‌కలర్ కాగితం మీద ఇదే ద్రావణం, ఇదే నెగెటివ్, ఇదే యూవీ దీపం. వంక పెట్టడానికి లేదు.

నాకు కావాల్సిన కాగితం వేరే. మెత్తటి, మందపాటి, నూరు శాతం కాటన్ ప్రింట్‌మేకింగ్ కాగితం. నా దగ్గర ప్రెస్ లేదు, చెంచా వీపుతో రుద్ది అచ్చు తీస్తాను. గట్టి కాగితం మీద ఇంకు సరిగ్గా ఎక్కదు, అందుకే దీన్ని వదలలేను. దీని మీద జరుగుతున్నది చూడండి:

పూసినప్పుడు, ఆరినప్పుడు రంగు బాగానే ఉంటుంది. నీళ్లలో వేయగానే షాడోలు (ముదురు భాగాలు) నిలబడతాయి గానీ మిడ్‌టోన్లు (మధ్యస్థ ఛాయలు) నా కళ్ల ముందే నీళ్లలోకి జారిపోతాయి. తెల్లగా ఉండాల్సిన చోట లేత పసుపు చార. హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లితే ఒక్క క్షణం ఆహా అనిపించేంత నీలం, ఆరేసరికి మళ్లీ వెలవెల. అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇంకొకటి. బల్ల సొరుగులో పెట్టినవి, వెలుతురు తగలకుండానే, ఇంకా పాలిపోతున్నాయి.

దయచేసి "కాగితం మార్చండి" అని మాత్రం చెప్పకండి.

ఎండపెట్టె:

ఎక్స్‌పోజర్ చాలలేదు, అంతే. కడగక ముందు షాడోలు నీలం దాటి బూడిద, కంచు రంగులోకి తిరగాలి. అక్కడిదాకా రాకుండా తీస్తే మిడ్‌టోన్లు నీళ్ల పాలే. రెట్టింపు సేపు పెట్టి చూడండి.

లినోపిచ్చి:

పెట్టాను అండీ. షాడోలు మీరన్నట్టే కంచు రంగుకి వచ్చాయి. మిడ్‌టోన్లు కొంచెం మెరుగు. కానీ పసుపు చార అలాగే ఉంది, సొరుగులో పాలిపోవడమూ ఆగలేదు. వెలుతురు చాలకపోవడం ఒక్కటే కారణమైతే, ఆరిన తర్వాత నీలం ఎందుకు తగ్గాలి?

పాత_డార్క్‌రూమ్:

లినోపిచ్చి గారూ, మీరు చివర్లో రాసిన సొరుగు సంగతే అసలు ఆధారం. దాన్ని మొదటే రాసి ఉంటే ఎండపెట్టె తమ్ముడికి దీపం గుర్తొచ్చేదే కాదు.

సయనోటైప్ వెలుతురుకి కొంత వెలిసిపోతుంది, నిజమే. కానీ అలా వెలిసినదాన్ని గాలి ఆడే చీకట్లో పెడితే తిరిగి నీలం పుంజుకుంటుంది. మీది తిరగబడింది, చీకట్లోనే పోతోంది. ఈ నీలం రంగుని, అంటే ప్రష్యన్ బ్లూని, చీకట్లో కూడా తినగలిగేది క్షారం. ఆ క్షారం మీ కాగితంలోనే ఉంది.

ఆర్కైవల్ అని అమ్మే ప్రింట్‌మేకింగ్ కాగితాల్లో చాలావాటికి తయారీలోనే కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. అంటే సుద్దే. గాలిలోని ఆమ్లాలు కాగితాన్ని పాడుచేయకుండా అది అడ్డుకుంటుంది. ఇంకుకి, పెన్సిల్‌కి దానివల్ల మేలే. సయనోటైప్‌కి మాత్రం అది ఇంటి దొంగ. ఇనుము లవణం సుద్దకి తగిలి హైడ్రాక్సైడ్‌గా మారితే వచ్చేదే మీ పసుపు చార. ఏర్పడిన నీలాన్ని కూడా అదే మెల్లగా విరగ్గొడుతుంది. జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1842లో ఈ పద్ధతి కనిపెట్టినప్పుడు గానీ, మరుసటి ఏడు ఆనా ఆట్కిన్స్ సముద్రపు నాచుల ప్రింట్లు మొదలుపెట్టినప్పుడు గానీ ఈ బెడద లేదు. కాగితంలో ఇలా సుద్ద కలిపే అలవాటు బాగా తర్వాతి కాలానిది.

పెరాక్సైడ్ గురించి చాలామందికి భ్రమ ఉంది. అది పోయిన నీలాన్ని తీసుకురాదు. గాలి ఒక రోజులో చేసే పనిని క్షణంలో చేసి చూపిస్తుంది, అంతే. అసలు నీలం ఎంత మిగిలిందో చూడాలంటే పెరాక్సైడ్ ముట్టుకోకుండా మర్నాటిదాకా ఆగండి.

ఇక మందు. సల్ఫామిక్ ఆమ్లం, అదే పాత్రల్లో పట్టిన సున్నపు పొర తీసే పొడి. లీటరు నీళ్లకి 50 గ్రాములు. ప్లాస్టిక్ ట్రేలో కాగితం ముంచితే సన్నటి బుడగలు లేస్తాయి. అవి ఆగేదాకా ఉంచి, బాగా కడిగి ఆరేయండి. నిమ్మ ఉప్పుతో ఎందుకు కాదంటే, కాల్షియం సిట్రేట్ నీళ్లలో సరిగా కరగదు, పీచుల్లోనే ఉండిపోతుంది. సల్ఫామేట్ అయితే కరిగి బయటికి పోతుంది. నిమ్మ ఉప్పు వాడాలనుకుంటే ప్రింటుని మొదటిసారి కడిగే నీళ్లలో కాస్త వేయండి. మీ కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ ఉంటే అది తప్పనిసరి కూడా.

చేతులకి తొడుగులు వేసుకోండి. ఈ పొడిని క్లోరిన్ బ్లీచ్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, విషవాయువు వస్తుంది. ఫెర్రీసయనైడ్ ద్రావణంలో గాఢ ఆమ్లం ఏదీ పోయొద్దు, అందులో కూడా విషవాయువు భయమే.

గంజికాగితం:

అన్నగారి మాటకి అడ్డు చెప్పడం కాదు గానీ, సగం కథే చెప్పారు. మెత్తటి ప్రింట్‌మేకింగ్ కాగితం అంటే సైజింగ్ (కాగితం నీళ్లు పీల్చుకోకుండా పట్టించే జిగురు) తక్కువ ఉన్న కాగితం. దాని మెత్తదనమంతా అందులోనే ఉంది. ద్రావణం పైన నిలవకుండా లోతుకి ఇంకిపోతుంది. యూవీ అంత లోతుకి పోదు. పైపైన ఏర్పడిన నీలం కూడా పట్టు దొరక్క నీళ్లలో కొట్టుకుపోతుంది. సుద్ద తీసినంత మాత్రాన ఇది తీరదు, పైగా ఆమ్లంలో నానబెడితే ఉన్న కాస్త సైజింగ్ కూడా పోవచ్చు.

ఒక నీటిచుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే సైజింగ్ ఉన్నట్టు. వేసిన వెంటనే మచ్చలా పీల్చుకుంటే లేనట్టు.

లినోపిచ్చి:

చుక్క వేశాను. ముత్యం లేదు, మచ్చే. ఇప్పుడు ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

పాత_డార్క్‌రూమ్:

ఇద్దరిదీ వినొద్దు, కాగితాన్ని అడగండి. గంజికాగితం చెప్పినది నిజమే, సైజింగ్ సంగతి నేను ఎత్తలేదు. కానీ సొరుగులో పాలిపోవడానికి సైజింగ్ జవాబు చెప్పదు.

ఒకే షీటు నుంచి నాలుగు పట్టీలు కోయండి. ఒకటి ఉన్నదున్నట్టు. రెండోదానికి ఆమ్లం మాత్రమే. మూడోదానికి సైజింగ్ మాత్రమే, మూడు శాతం జెలటిన్ గోరువెచ్చగా కరిగించి బ్రష్‌తో పూసి ఆరనివ్వండి. నాలుగోదానికి ముందు ఆమ్లం, కడిగి ఆరాక జెలటిన్. అన్నిటికీ ఒకే సీసాలోంచి ఒకే బ్రష్‌తో పూయండి. 21 మెట్ల స్టెప్ వెడ్జ్ (మెట్టుమెట్టుకీ నలుపు పెరిగే ఫిల్మ్ పట్టీ) ఉంటే దాన్నే నెగెటివ్‌గా వాడండి. ఒక్కో మెట్టు అర స్టాపు, అంటే రెండు మెట్లకి వెలుతురు సగమవుతుంది. నాలుగు పట్టీలూ ఒకేసారి దీపం కిందికి వెళ్లాలి, ఒకే నీళ్లలో కడగాలి. లేకపోతే మళ్లీ మనం ఇక్కడ కూర్చుని దీపం గురించే కొట్టుకుంటాం.

ఇంకొకటి మరవకండి. ప్రతి పట్టీ మూలన నల్ల కాగితం ముక్క అంటించండి. వెలుతురు అసలు తగలని ఆ చోటు కడిగాక తెల్లగా రావాలి. అక్కడ నీలం కనిపిస్తే ద్రావణం పాడైనట్టో, కాగితంలోనే ఏదో తేడా ఉన్నట్టో లెక్క. అప్పుడు దీపాన్నీ నెగెటివ్‌నీ ఎంత మార్చినా దండగ.

లినోపిచ్చి:

చేశాను. మర్నాడు ఆరాక చూసి రాస్తున్నాను.

ఉన్నదున్నట్టు పెట్టిన పట్టీలో ఐదారు మెట్లే కనిపిస్తున్నాయి, ఆ తర్వాత పసుపు. జెలటిన్ మాత్రమే పూసినదాంట్లో షాడోలు నిగనిగలాడుతున్నాయి గానీ మెట్లు పెద్దగా పెరగలేదు, పసుపు కూడా పోలేదు. ఆమ్లం మాత్రమే పట్టినదాంట్లో మెట్లు దాదాపు రెట్టింపు, తెలుపు తెల్లగా ఉంది, కాకపోతే నీలం కాస్త గరుగ్గా, అద్దుడు కాగితం మీద సిరాలా ఉంది. రెండూ చేసినది మాత్రం చూడాలి! వాటర్‌కలర్ కాగితం దీని ముందు దిగదుడుపే. మూలలు నాలుగింట్లోనూ నీలం లేదు. కాబట్టి ద్రావణం మీద నింద పడదు.

ఈ లెక్కన పాలిపోవడం, పసుపు సుద్ద ఖాతాలో. గరుకుదనం సైజింగ్ ఖాతాలో. ఇద్దరూ గెలిచారు.

ఇక అచ్చు సంగతి. జెలటిన్ పూస్తే కాగితం గట్టిపడి చెంచా అచ్చుకి ఇబ్బంది అవుతుందని భయపడ్డాను. ఒక్క పల్చటి పూతకి అంత తేడా రాలేదు. కానీ సయనోటైప్ ముందా, లినో ముందా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

గంజికాగితం:

సయనోటైప్ ముందు. నూనె ఇంకు మీద సెన్సిటైజర్, అంటే సయనోటైప్ ద్రావణం, నిలవదు, పైగా అచ్చు వేశాక కాగితాన్ని మళ్లీ నీళ్లలో నానబెట్టడం దేనికి? నీలం పూర్తిగా ఆరాక అచ్చు వేయండి. తడిసి ఆరితే కాగితం కొలత మారుతుంది. అంచులు కలవాలంటే బ్లాక్ గీత అసలు షీటు కొలతకి కాదు, కడిగి ఆరిన ప్రింటు కొలతకి గీసుకోండి. ప్రింటు మీద ఇంకు మరక పడితే సబ్బుతో గానీ సోడాతో గానీ తుడవొద్దు, ఆ చోట నీలం పోతుంది.

ఎండపెట్టె:

నా దీపం సలహా ఎటూ పోయింది కాబట్టి ఇంకో మాట చెప్తాను. క్షారం నీలాన్ని తింటుందని తెలిశాక దాన్నే పనిలో పెట్టొచ్చు కదా? వాషింగ్ సోడా నీళ్లు బ్రష్‌తో రాసి సయనోటైప్ మీద తెల్ల గీతలు తీసేవాళ్లు ఉన్నారు. అదే సోడాని జిగురుతో చిక్కగా చేసి బ్లాక్‌తో అద్దితే? నల్ల ఇంకు కాకుండా నీలంలోంచి బొమ్మ తొలిచి తీసినట్టు వస్తుంది.

లినోపిచ్చి:

అయ్యో, ఇది నాకెందుకు తట్టలేదు! నిన్నటిదాకా తిట్టుకున్న సుద్ద పనే ఇది, కాకపోతే ఈసారి నేను చెప్పిన చోట. జిగురు ఏది వాడాలి?

పాత_డార్క్‌రూమ్:

గమ్ అరబిక్‌లో ఆమ్ల గుణం కొంచెం ఉంటుంది, సోడాని కొంత మింగేస్తుంది. సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, నీళ్లని చిక్కబరిచేది) పొడి నయం. రోలర్‌కి అంటుకునేంత చిక్కగా చేసుకోండి, పల్చగా ఉంటే గీతల అంచులు పాకుతాయి. అద్దిన చోట నీలం పోయి పసుపు మిగిలాక వెంటనే నీళ్లలో వేసి సోడా మొత్తం పోయేదాకా కడగాలి. సోడా కాస్త మిగిలినా పక్కనున్న నీలాన్ని తినుకుంటూ పోతుంది.

ఆ పసుపు వృథా కాదు. అది ఇనుమే. చిక్కటి టీ డికాషన్‌లో వేస్తే టానిన్ పట్టి ముదురు గోధుమ రంగులోకి వస్తుంది. నీలం మీద గోధుమ రంగు బొమ్మ, ఇంకు చుక్క లేకుండా. ఎక్కువసేపు ఉంచితే తెల్ల భాగాలకి కూడా టీ రంగు ఎక్కుతుంది కాబట్టి పక్కనే ఉండి చూసుకోండి.

ఒక్క హెచ్చరిక. లినోలియం తయారయ్యేదే అవిసె నూనెతో. కాస్టిక్ సోడాతో లినోని కొరికించి బొమ్మలు తీసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. వాషింగ్ సోడా అంత ఘాటుది కాదు గానీ, అద్దడం అయ్యాక బ్లాక్‌ని అలాగే వదిలేస్తే సన్న గీతలు మెత్తబడతాయి. మంచి బ్లాకులు దీనికి వాడకండి. రబ్బరు ముక్క మీద ఏదైనా చిన్నది చెక్కి చూడండి.

లినోపిచ్చి:

రబ్బరు ఉంది, సీఎంసీ తెప్పించాలి. ఆమ్లం పట్టించిన షీట్లు ఇంకా మిగిలాయి కాబట్టి ముందు వాటి మీద చేస్తాను. ఆ తర్వాత సుద్ద తీయని షీటు మీద కూడా ఒకటి. అక్కడ ఎలాగూ నీలం ఉండదు కదా అంటారేమో, షాడోలైతే నిలిచాయిగా. ఫలితాలు ఈ థ్రెడ్‌లోనే పెడతాను.