కుటుంబ జియోకాషింగ్ దినం: మేరీమూర్ పార్కు, సమామిష్ నది బాట ఏర్పాట్లపై స్వచ్ఛంద సేవకుల చర్చ

క్రీడా విభాగం సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. సెప్టెంబరు రెండవ శనివారం జరపదలచిన కుటుంబ విహారంలో ఈసారి తంబోలా, చెంచా-నిమ్మకాయ పందెంతో సరిపెట్టకుండా, ఉదయం పూట జియోకాషింగ్ పెట్టుకుందామని మన సంఘం కార్యవర్గం సూత్రప్రాయంగా అంగీకరించింది. ఈ ఆట తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఎవరో ఒకరు ఒక డబ్బాను (దీన్నే కాష్ అంటారు) బహిరంగ స్థలంలో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను వెబ్‌సైటులో ఉంచుతారు. మిగిలినవారు ఫోను సాయంతో వెతికి, లోపల ఉన్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటనే తిరిగి దాచి వస్తారు. ప్రపంచమంతటా ఇలాంటివి 30 లక్షలకు పైగా ఉన్నాయి. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలలో కావాలని ఉంచిన లోపాన్ని తొలగించగానే, మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరిగన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్‌ను దాచడంతో ఇది మొదలైంది. ఆ వెబ్‌సైటును నడిపే సంస్థ కార్యాలయం మన సియాటిల్ ఫ్రీమాంట్‌లోనే ఉంది కనుక, ఈ ఆట మన పక్కవీధిలో పెరిగిందనే అనవచ్చు.

స్థలంగా రెడ్‌మండ్‌లోని మేరీమూర్ పార్కును ప్రతిపాదిస్తున్నాను. భోజనాలకు చోటు, మరుగుదొడ్లు ఉన్నాయి. సమామిష్ నది వెంబడి సాగే సైకిల్ బాట పార్కును ఆనుకునే ఉంది. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

సైకిల్ బృందం తరఫున:
ప్రతిపాదన బాగుంది. అయితే మా బృందంలో కొందరికి మేరీమూర్ నుంచి బాతెల్ దాకా సమామిష్ బాట మీద, అక్కడి నుంచి బర్క్-గిల్మన్ బాట పట్టుకుని ఫ్రీమాంట్‌లోని ఆ కార్యాలయం దాకా వెళ్లాలని ఉంది. ఒకవైపే 25 మైళ్లు పైబడుతుంది కానీ దారి దాదాపు చదునుగా ఉంటుంది. ఇంకో ఆలోచన కూడా ఉంది: స్నోక్వాల్మీ కనుమ దగ్గర 2.3 మైళ్ల పాత రైలు సొరంగంలో సైకిలు తొక్కుకుంటూ వెళితే, అవతలి వైపున ఈ ఆటగాళ్లందరికీ తెలిసిన ఒక కాష్ ఉంది.

పిల్లల కార్యక్రమాల బాధ్యురాలు:
అన్నయ్య గారూ, మీ ఉత్సాహాన్ని కాదనడం లేదు కానీ, ఇది కుటుంబ విహారమన్న సంగతి మరువవద్దని మనవి. నాలుగేళ్ల పిల్లతోనూ, మోకాళ్ల నొప్పులున్న అత్తగారితోనూ వచ్చేవారికి 25 మైళ్ల దారి ఎందుకూ పనికిరాదు. చలి, కటిక చీకటి ఉండే సొరంగానికి మంచి లైట్లున్న పెద్దలు ఇంకో రోజు విడిగా వెళ్లండి. నవంబరు 1 నుంచి మే 1 దాకా దాన్ని మూసి ఉంచుతారు కనుక తేదీ చూసుకోండి.

మన పిల్లల సంగతికి వస్తే, ప్రతి కాష్‌కూ వెతకడంలో కష్టానికి ఒకటి, నేల కష్టానికి ఒకటి చొప్పున 1 నుంచి 5 దాకా రెండు అంకెలు ఇస్తారు. నేల అంకె 1 అయితే చక్రాల కుర్చీలో ఉన్నవారూ చేరుకోగలరని అర్థం. మనం రెండు అంకెలూ 2 దాటనివే ఎంచుకోవాలి. డబ్బా పరిమాణం కూడా చూడాలి. వేలెడంత గొట్టంలో చుట్టిన కాగితం మాత్రమే దొరికితే పిల్లలు ఉసూరుమంటారు. బొమ్మలు మార్చుకోవడానికి వీలున్న డబ్బాలు తక్కువైనా సరే, అవే ముందు పెట్టండి. ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనదో, మెరుగైనదో పెట్టాలన్నది ఈ ఆటలో నియమం. మురుకులు, చాక్లెట్లు మాత్రం పెట్టకూడదు, జంతువులు డబ్బాను కొరికి పాడుచేస్తాయి.

యువ విభాగం నుంచి:
మనమే ఒక ఇరవై డబ్బాలు సిద్ధం చేసి, పద్యాలతో ఆధారాలు రాసి, పార్కంతా దాచి వెబ్‌సైటులో పెడితే మరింత బాగుంటుంది కదా?

అనుమతుల బాధ్యుడు:
ఆలోచన ముచ్చటగా ఉంది కానీ నియమాలు ఒప్పుకోవు. వెబ్‌సైటులో పెట్టే ప్రతి కాష్‌కూ స్థలం యజమాని అనుమతి ఉండాలి, నేలను తవ్వి పాతకూడదు, ఒకదానికొకటి కనీసం 0.1 మైలు, అంటే 161 మీటర్ల దూరం ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, అవి ఒక్క పూట వేడుకకు కాక కనీసం మూడు నెలలు అక్కడ ఉంటాయన్న ఉద్దేశంతో పెట్టాలి. తడిసిన కాగితం మార్చడం దాచినవారి బాధ్యత. సంక్రాంతి సంబరాల పనుల్లో మునిగిపోయాక జనవరి వానలో వెళ్లి ఆ డబ్బాలు ఆరబెట్టేదెవరో నాకు తోచడం లేదు. పద్యాల ఆట వదులుకోనక్కరలేదు. వెబ్‌సైటుతో సంబంధం లేకుండా, మనం భోజనాలకు కేటాయించుకున్న చోట మాత్రమే, పార్కు కార్యాలయం ఒప్పుకుంటే, చిన్న పిల్లలకు పెట్టి ఆ సాయంత్రమే డబ్బాలన్నీ లెక్కపెట్టి తీసేద్దాం.

సైకిల్ బృందం తరఫున:
చెల్లెమ్మ మాట సబబే. సొరంగం ప్రయాణం మేం విడిగా పెట్టుకుంటాం. ఆ రోజు సైకిళ్లవారు మేరీమూర్ నుంచి వుడిన్‌విల్ దాకా వెళ్లి తిరిగి వస్తే చాలు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరిగా అందరికీ చేరాలి. కాష్ దగ్గర పడిందని ఫోను చెప్పగానే పిల్లలు బాట మధ్యలో ఠక్కున ఆగిపోతారు, వెనుక నుంచి వేగంగా వచ్చేవారు గుద్దుకుంటారు. కౌంటీ బాటల మీద వేగ పరిమితి గంటకు 15 మైళ్లే అయినా అందరూ పాటించరు. కనుక ప్రతి జట్టులో ముందొక పెద్ద, వెనుకొక పెద్ద ఉండాలి. ఫోను చూసే పని పెద్దవారిది. ఆగాలంటే చేయి చాపి, బాట దిగి గడ్డి మీదకు వచ్చాకే ఆగాలి. శిరస్త్రాణం లేని పిల్లలను జట్టులో చేర్చుకోము. ఫోను బాణం చెట్ల కింద పది మీటర్ల దాకా అటూ ఇటూ తప్పవచ్చు కాబట్టి, దగ్గరికి చేరాక ఫోను జేబులో పెట్టి కళ్లకు పని చెప్పడమే మేలు. బాట అంచుల్లో బ్లాక్‌బెర్రీ ముళ్లు, తాకితే మండే నెటిల్ మొక్కలు ఉంటాయి. పొడుగు ప్యాంట్లు వేసుకురమ్మనండి.

క్రీడా విభాగం సమన్వయకర్త:
సూచనలన్నింటికీ ధన్యవాదాలు. మనం కొత్తగా ఏమీ దాచకుండా, ఇప్పటికే ఉన్న కాష్‌లనే వెతుకుతాం. ఉచిత ఖాతాతో కనిపించేవే ఎంచుకుంటాం. కుటుంబానికి ఒక ఖాతా చాలు. అందరం ఒకే పొద మీద పడితే మొక్కలు నలిగిపోతాయి, దారిన పోయేవారికి దాచిన చోటు తెలిసిపోతుంది. అందుచేత మూడేసి కుటుంబాల జట్లు చేసి, ఒక్కొక్క జట్టును ఒక్కొక్క కాష్ నుంచి మొదలుపెట్టిద్దాం. పుస్తకంలో జట్టు పేరు ఒక్కటే రాయాలి, తెలుగులో రాసినా ఇబ్బంది లేదు. దాచిన చోటు ఫొటోలు వాట్సాప్‌లో పెట్టవద్దని నమోదు పత్రంలోనే రాద్దాం.

యువ విభాగంవారికి ఇంకో పని అప్పగిస్తున్నాను. సంఖ్య చెక్కిన బిళ్లను ఒక వస్తువుకు తగిలించి కాష్‌లో వదిలితే, దొరికినవారు దాన్ని మరో కాష్‌కు చేరుస్తూ పోతారు. అది ఎక్కడెక్కడ తిరిగిందో వెబ్‌సైటులో చూడవచ్చు. చిన్న కొండపల్లి బొమ్మకు ఆ బిళ్ల కట్టి, విజయవాడ చేరడమే దీని గమ్యమని రాద్దాం. పొణికి కర్ర తడిస్తే రంగు చెడుతుంది కాబట్టి జిప్ సంచిలో పెట్టండి. చేరుతుందన్న హామీ లేదు, దారిలో ఏ పిల్లవాడికో నచ్చి ఇంట్లోనే ఉండిపోవచ్చు!

ఇక మిగిలింది ముందస్తు పరిశీలన. విహారానికి ముందు ఆదివారం ఇద్దరు నడకదారిని, ఇద్దరు సైకిల్ దారిని తిరిగి, ఎంచుకున్న ప్రతి కాష్ నిజంగా ఉన్నదో లేదో చూసి రావాలి; ఇటీవల వెతికినవారు వరుసగా దొరకలేదని రాసినవాటిని ముందే జాబితా నుంచి తీసేయండి. సైకిల్ దారికి ఇద్దరు ఒప్పుకున్నారు. నడకదారికి ఇంకా ఒకరు కావాలి. శుక్రవారంలోగా ఇక్కడే తెలుపగలరు.

పిల్లల కార్యక్రమాల బాధ్యురాలు:
నడకదారికి నేను వస్తాను. మా అమ్మాయిని కూడా తీసుకువస్తాను. తన ఎత్తుకు అందని డబ్బాలు ఏవో అప్పుడే తేలిపోతుంది.