కొర్రమట్టకు జిగ్ వేయాలంటే ఏ రాడ్?

ప్రశ్న: డిండి ప్రాజెక్టు కట్ట రాళ్ల పొంటి, గుర్రపుడెక్క అంచున 10–14 గ్రాముల జిగ్ (బరువు తల ఉన్న గాలం) వేస్త. ఉన్నది ఆరడుగుల మీడియం రాడ్. జిగ్ రాయిని తాకేది చేతికి తెలుస్తలేదు, గుంజినా గాలం దిగుతలేదు. అన్నలూ, ఒక్కటే కొనాలంటే ఏది?

జవాబు 1: ఏడడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ తీస్కో తమ్మీ. అంటే కొన మాత్రమే వంగాలె, నడుము గట్టిగుండాలె. జిగ్ గాలం కమ్మి లావు, కొర్రమట్ట నోరు గట్టిది. నడుము మెత్తగుంటే నీ గుంజుడంతా రాడ్ వంగుడుకే పోతది. రాడ్ మీద, వేసే బరువు 10–30 గ్రాములని రాసి ఉండాలె. జిగ్‌కు తగిలించే రబ్బరు తోక బరువు కూడా అందులోనే లెక్క. అమెరికాల బాస్ జిగ్‌లకూ దాదాపు ఇదే రకం వాడుతరు.

జవాబు 2: రాడ్ మారిస్తే సగమే అయితది. నైలాన్ దారం సాగుతది, 40 పౌండ్లు ఆగే బ్రెయిడ్ (అల్లిన దారం) ఎక్కించు. రాళ్లకాడ రెండడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (గాలం ముందట రాపిడికి ఆగే దారం) కట్టు, డెక్కల మాత్రం వద్దు, ముడికి నాచు చుట్టుకుంటది. బ్రెయిడ్ సాగదు కాబట్టి డ్రాగ్ (చేప గుంజితే రీల్ దారం వదిలే బిగువు) మరీ బిగించకు, సన్న గాలాలు సాపయితయి.

జవాబు 3: కార్బన్ రాడ్‌ను నిట్టనిలువుగ లేపి చేపను ఒడ్డుకెక్కించొద్దు, కొన విరుగుతది. చేతివలతోని ఎత్తు. కొనేటప్పుడు రింగులల్ల దూది తిప్పి చూడు, పోగు తట్టుకుంటే ఆ పగులు బ్రెయిడ్‌ను కోస్తది. మత్స్య సహకార సంఘాన్ని అడిగే వెయ్యి. ఎర్ర కొర్రమట్ట పిల్లల గుంపు కనపడితే అక్కడ అస్సలు వెయ్యకు, కావలి కాసే తల్లిదండ్రులు పోతే పిల్లలు దక్కవు.