సండే స్కూల్ పిల్లలకు ‘మెల్లగా’ పాడడం ఎలా నేర్పాలి?

తణుకు_టీచరమ్మ:
అందరికీ వందనాలు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా సంఘంలో సండే స్కూల్ నేనే చూస్తాను. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల దాకా పదిహేడు మంది పిల్లలు. నాకు సంగీతం పెద్దగా రాదు. చిన్నప్పుడు మా నాన్నగారి దగ్గర హార్మోనియం కాస్త నేర్చుకున్నాను, అంతే.

మా పిల్లలు ఏ పాటైనా మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా ఒకటే అరుపు. పశువుల తొట్టిలో బాలయేసు నిద్రపోతున్నాడని పాడుతూ ఆయన్ని నిద్ర లేపేస్తారు. ‘మెల్లగా పాడండి’ అన్నాను. పాటని సాగదీశారు, అరుపు మాత్రం తగ్గలేదు. ‘గొంతు తగ్గించండి’ అంటే శ్రుతి దించేశారు. ‘ఇక్కడ గొంతు పెంచాలి’ అంటే కీచుమన్నారు. వాళ్ల తప్పేముంది? మన భాషలో మెల్లగా అంటే రెండు అర్థాలూ ఉన్నాయి కదా.

అసలు తప్పు నాది. నాలుగేళ్లుగా ‘గట్టిగా పాడండి, దేవుడికి వినపడొద్దా?’ అని నేనే ఎగదోశాను. ఆరేళ్ల పాప ఒకతె ఉంది, పెదాలు కదిలినట్టే ఉంటుంది గానీ పాట బయటికి రాదు. పండక్కి ఆ పిల్లని ముందు వరసలోంచి తీసి వెనక నిలబెట్టాను. మొన్న బైబిల్లో 1 రాజులు 19, ఏలీయా ప్రవక్త కథ చదువుతుంటే గాలి, భూకంపం, మెరుపు అన్నీ అయ్యాక ‘మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము’ అన్న దగ్గర ఆగిపోయాను. ఆ పాప గుర్తొచ్చింది.

కీర్తనల పుస్తకంలో రాగం, తాళం రాసి ఉంటాయి గానీ ఎక్కడ తగ్గాలో, ఎక్కడ పెరగాలో ఉండదు. ఇంత చిన్నపిల్లలకి ఇది ఎలా చెప్పాలి?

గుంటూరు_కీబోర్డ్:
సిస్టర్, మీకు కావలసిన మాట మీరే రాశారు: నిమ్మళంగా. పిల్లలకి అది కొత్త మాట, రెండో అర్థం తెలీదు. దాన్ని ధ్వని తగ్గించడానికే వాడండి. వేగానికి ‘నిదానంగా’, శ్రుతికి ‘పైకి, కిందికి’. ఒక్కోదానికి ఒక్క మాటే, మీరు కూడా మార్చకూడదు.

పెద్ద పిల్లలుంటే పియానో పేరు కథ చెప్పొచ్చు. ఇటాలియన్‌లో పియానో అంటే నిమ్మళంగా, ఫోర్టే అంటే బలంగా. అంతకు ముందున్న హార్ప్సికార్డ్ అనే మీటల వాయిద్యంలో మీట ఎంత గట్టిగా నొక్కినా ధ్వని దాదాపు ఒకటే. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్టోఫోరి అనే ఆయన తీగని కొట్టే చిన్న సుత్తులు పెట్టాడు. దాంతో వేలి బరువు ధ్వనిలో తెలిసింది. పేరూ అక్కడి నుంచే వచ్చింది. మీ చర్చిలో కీబోర్డ్ ఉంటే టచ్ రెస్పాన్స్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది లేకపోతే పిల్లాడు ఎంత సున్నితంగా నొక్కినా ఒకే మోత.

ఇంకో మాట. చాలామంది ధ్వని క్రమంగా తగ్గడానికి సముద్రం తుఫాను కథ వాడతారు. నాకు నచ్చదు. మార్కు సువార్త 4లో యేసు ఒక్క మాట అనగానే గాలి అణిగిపోయింది. అది క్రమంగా తగ్గడం కాదు, ఠక్కున ఆగడం. పిల్లలు చేతులతో అలలు ఊపుతూ అరుస్తుంటే మీరు ‘ఊరకుండుము’ అనండి, అంతే. అక్కడ కూడా ‘మిక్కిలి నిమ్మళమాయెను’ అనే ఉంటుంది, చూడండి.

పాత_హార్మోనియం:
అమ్మా, ఒక హెచ్చరిక. ఏలీయా కథ చెప్పి ‘దేవుడికి నిమ్మళమే ఇష్టం’ అనే అర్థం ఇవ్వకు. బైబిల్లో 150వ కీర్తనలో గంభీరధ్వనిగల తాళాలు కూడా ఉన్నాయి. ఒక అరుపుని తీసేసి ఒక గుసగుసని పెడితే అదీ ఒకటే అవుతుంది. రెండూ కావాలి.

యెరికో కథ ఆడించు. ఏడుగురు పిల్లలు యాజకులు, బూరలు ఊదుతారు. మిగతావాళ్లు పెదాలు బిగించి చుట్టూ నడుస్తారు. అందరూ మౌనంగా నడిచారని చెబుతుంటారు, తప్పు. బూరలు మోగుతూనే ఉన్నాయి, జనం మాత్రం నోరు మెదపలేదు. రోజుకొకసారి ఆరు రోజులు, ఏడో రోజు ఏడుసార్లు, తర్వాత కేక, దాంతో యెరికో గోడ కూలింది. అంతసేపు ఆపుకున్న గొంతుకి ఆ కేక రుచి తెలుస్తుంది.

డోలక్‌ని నిలబెట్టి పైన చిటికెడు బియ్యం వెయ్యి. వేలి కొసతో తడితే గింజలు వణుకుతాయి. అరచేత్తో కొడితే గంతులేస్తాయి. చెవికి అందనిది కంటికి అందుతుంది. నాన్నగారి హార్మోనియం ఉంటే తిత్తి మీద పిల్లల చెయ్యి పెట్టించు, ఎంత గాలి పంపితే ఎంత ధ్వనో వాళ్లకే తెలుస్తుంది.

డాలస్_అమ్మ:
మా పిల్లాడు ‘నిమ్మళం’ అంటే ఉత్త ఊపిరితో పాడడం అనుకున్నాడు, గాలే వచ్చింది, స్వరం రాలేదు. నిద్రపోతున్న చెల్లికి మాట అర్థమవ్వాలి గానీ మెలకువ రాకూడదు అన్నాను. సరిపోయింది.

తణుకు_టీచరమ్మ:
అందరికీ థాంక్స్. నిన్న ఆదివారం చేశాం. బియ్యం పెట్టగానే నాలుగేళ్లవాడు ఒకడు సగం నోట్లో వేసుకున్నాడు. మిగిలిన గింజలతోనే కానిచ్చాం. యెరికో ఆటలో మూడో చుట్టుకే ఇద్దరు కేక వేసేశారు. మళ్లీ మొదటి నుంచి నడిపించాను, రెండోసారి ఏడు చుట్లూ ఆగారు. గోడ కూలిన కేకకి పక్కింటి కోళ్లు లేచాయి.

తర్వాత ఆ పాపని ముందుకి పిలిచి, తొట్టి పాటలో మొదటి వరస తనే పాడాలి, మిగతావాళ్లు రెండో వరసలో కలవాలి అన్నాను. నాకు రెండడుగుల దూరంలో నిలబడింది, పెదాలు కదులుతున్నాయి, ఏమీ వినపడట్లేదు. ఒకడు ‘టీచర్, ఫ్యాన్’ అన్నాడు. ఫ్యాన్ ఆపాం. అప్పుడు వినపడింది, శ్రుతి కూడా తప్పలేదు.

క్రిస్మస్‌కి చలికాలం కాబట్టి ఫ్యాన్ గొడవ లేదు. మా సౌండ్ బాక్సుల బ్రదర్‌కి మాత్రం ఎవరు చెప్తారో తెలీదు.