ఏడో తరగతి బాబు లెక్కల్లో వెనుకబడ్డాడు, ఇంట్లో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సిరొంచ తల్లి:
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బాబు మరాఠీ మాధ్యమంలో చదువుతున్నాడు. 2020లో బడులు మూతపడిన ఏడాది వాడు రెండో తరగతిలో ఉన్నాడు. ఆ తరువాత ఏటా పై తరగతికి వెళ్ళాడు గానీ లెక్కలు వాడి వెంట వెళ్ళలేదు. మొన్న 52 లోంచి 27 తీసివేయమంటే 35 అని రాశాడు. ట్యూషన్‌లో చేర్పిస్తే బళ్ళో చెప్పిన పాఠమే మళ్ళీ చెప్పి, గైడులోని జవాబులు ఎక్కించారు. నేను పదో తరగతి వరకు తెలుగులో చదివాను, మరాఠీ లెక్కల మాటలు నాకు రావు. ఇంట్లో నేనే చెప్పుకోవాలంటే దారి ఏమిటో పెద్దలు చెప్పగలరు.

రాజురా మాస్టారు:
అమ్మా, ఆ 35 పరధ్యానంతో వచ్చిన తప్పులా నాకు కనబడలేదు. 2 లోంచి 7 పోదు కాబట్టి మీ వాడు 7 లోంచి 2 తీసి 5 రాశాడు, పదుల స్థానంలో 5 లోంచి 2 తీసి 3 రాశాడు. 52లో ఐదు పదులు, రెండు ఒకట్లు ఉన్నాయన్న సంగతి వాడికి ఇంకా పట్టుబడలేదన్నమాట. కాబట్టి ఏడో తరగతి పుస్తకాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. పల్లెల్లో పిల్లల చదువూ లెక్కలూ ఎంతవరకు వచ్చాయో చూడటానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న అసర్ సర్వేలో లెక్కలకు నాలుగే మెట్లుంటాయి: ఒక అంకె సంఖ్యలను గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలను గుర్తుపట్టడం, పది అప్పు తెచ్చుకొని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఎక్కడ తడబడితే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

తీసివేతకు వాడి చేతికి ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు ఇచ్చి, అందులోంచి ఇరవై ఏడు రూపాయలు మీకు ఇమ్మనండి. బిళ్ళలు చాలవు కనుక ఒక నోటును మీ దగ్గర చిల్లరగా మార్చుకోవాలి, అప్పుడు వాడి దగ్గర నాలుగు నోట్లు, పన్నెండు బిళ్ళలు ఉంటాయి. ఆ వెంటనే పలక మీద 5 కొట్టేసి 4, 2 ఉన్నచోట 12 అని వాడి చేతనే రాయించండి. రోజుకు అరగంట మించవద్దు.

బల్లార్‌పూర్ నుంచి:
అక్కా, సంఖ్యలను మరాఠీలో చెప్పి రాయించి చూశారా? మనం నలభై ఏడు అన్నప్పుడు రాసే వరుసలోనే పదులు ముందు వస్తాయి. మరాఠీ సత్తేచాళీస్‌లో ఏడు ముందు వినిపిస్తుంది, మా పాప విన్న వరుసలోనే 74 అని రాసేది. ఎకతీస్ 31, ఎకోణతీస్ మాత్రం ముప్పైకి ఒకటి తక్కువ, అంటే 29. ఈ సంగతి మా పాపకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. (2019లో రాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితంలో పదులు ముందు పలికే పద్ధతిని కూడా చేర్చితే మహారాష్ట్రలో పెద్ద రభసే జరిగింది.) మేము లెక్క తెలుగులో చేయించి, జవాబు మరాఠీలో చెప్పించేవాళ్ళం. దేవనాగరి ఒకటి చూడటానికి 9 లాగే ఉంటుంది, అది కూడా ఒకసారి గమనించండి.

అహేరి నుంచి:
బాలభారతి తెలుగు మాధ్యమానికి కూడా పాఠ్యపుస్తకాలు ప్రచురిస్తుంది. రెండు మాధ్యమాల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుంటే అపూర్ణాంక్ అంటే భిన్నమని, అంశ్ అంటే లవమని, ఛేద్ అంటే హారమని, లసావి అంటే మన క.సా.గు. అని మీకే తెలిసిపోతుంది.

ఎక్కాలు మాత్రం బట్టీ పట్టించవలసిందే, ఈ మాట ఇప్పుడు చాలామందికి నచ్చకపోయినా సరే. మా తమ్ముడు వేసవిలో తునికాకు కల్లం దగ్గర డెబ్బై ఆకుల కట్టలు ఎనిమిదైతే ఐదు వందల అరవై ఆకులని తడుముకోకుండా చెప్పేవాడు, బళ్ళో అదే గుణకారం తప్పు చేసేవాడు. ఏడో ఎక్కం నోటికి వచ్చాకే ఆ రెండూ ఒకటేనని వాడికి తెలిసింది.

సిరొంచ తల్లి:
అందరికీ నమస్కారం. నిన్న పది సంఖ్యలు మరాఠీలో చెప్పి రాయిస్తే నాలుగు తారుమారయ్యాయి, అవే తెలుగులో చెప్తే ఒక్కటీ తప్పలేదు. నోట్ల దగ్గర మాత్రం వింత జరిగింది. వాడు చిల్లర అడగనే లేదు. మూడు పది రూపాయల నోట్లు నా చేతిలో పెట్టి, మూడు రూపాయలు తిరిగి ఇమ్మన్నాడు. లెక్క చూస్తే వాడి దగ్గర సరిగ్గా 25 ఉన్నాయి. దీన్ని పలక మీద ఎలా రాయించాలి మాస్టారూ?

రాజురా మాస్టారు:
వాడు చేసినట్టే రాయించండి అమ్మా. 52 లోంచి 30 పోతే 22, దానికి 3 కలిపితే 25. సంతలో చిల్లర లెక్క చూసుకునే వాళ్ళంతా చేసేది ఇదే. నోటు మార్చే పద్ధతి రేపు చూపించవచ్చు, ఈ రోజుకు వాడి పద్ధతిని కొట్టివేయకండి.