కొల్లాపూర్ పెద్దాయన సంస్మరణ సభ: ఎవరెవరు ఏం పని, నవంబర్ మూడో ఆదివారం

హాల్ పని చూసేటోళ్లు:
అందరికి దండాలు. ఇక్కడ బియ్యం, పప్పుల దుకాణం నడిపిన మన కొల్లాపూర్ పెద్దాయన సభకు న్యూజెర్సీ ఎడిసన్‌ల స్కూల్ కెఫెటేరియా ఖాయమైంది. పొద్దుగాల 9 నుంచి 3 దాకా మనదే. అండ్లనే సర్దుడు, ఊడ్చుడు గూడ అయిపోవాలె, అందుకే 2:15కు బల్లలు మడుస్తం, ఎవరూ ఏమనుకోవద్దు. హాల్ కోసం స్కూల్‌కు ఇచ్చే ఇన్సూరెన్స్ కాగితం మీద స్కూల్ బోర్డు పేరు అగ్రిమెంట్‌ల ఉన్నది ఉన్నట్టు రావాలె. ఒక్క అక్షరం తేడా ఉన్నా వాపస్ పంపుతరు. లోపల మంటకు అనుమతి లేదు. ఊదుబత్తులు, దీపం, ట్రేల కింద పెట్టే మంట డబ్బాలు, ఏదీ వద్దు. ఫొటో ముందర బ్యాటరీ దీపాలు పెడదాం.

వంట:
మంట లేకుంటే అన్నం చల్లారుతదని భయం వద్దు. పెద్ద ఐస్ డబ్బాలల్ల మసిలే నీళ్లు పోసి అరగంట మూత పెట్టుండ్రి. నీళ్లు పారబోసి, అడుగున తువ్వాల పరిచి, మూత గట్టిగ బిగించిన ట్రేలు పెడితే మూడు గంటలైనా వేడి ఉంటది. చల్లటి డబ్బాల పెడితే ఆ వేడంతా డబ్బానే గుంజుకుంటది.

150 మందికి బియ్యం 12 కిలోలు చాలు. 20 పౌండ్ల సంచి అంటే 9 కిలోలు, కాబట్టి రెండు తెద్దాం. కందిపప్పు 4 కిలోలు. కార్తీకం కాబట్టి మటన్ మాట ఎత్తొద్దు.

పచ్చిపులుసు 15 లీటర్లు. చింతపండు ముప్పావు కిలో రాత్రే నానెయ్యాలె, మిర్చి ఇంట్లనే మంట మీద కాల్చి తేవాలె. ఉల్లిగడ్డలు కిలోన్నర కోసి విడిగ పట్టుకరాండ్రి, వడ్డించే ముందు అరగంటకు కలుపుదాం. ఇంటికాడనే కలిపితే హాల్‌కు వచ్చేసరికి ఉల్లి మెత్తబడి వాసన కొడతది. నువ్వుల పొడి గూడ అప్పుడే, లేకుంటే అడుగుకు దిగి ముద్దయితది.

జొన్నరొట్టె అందరికి ఒకటి అనుకోవద్దు. జొన్నపిండిల సాగే జిగురుండదు, ఆరినంక అప్పడం లెక్క విరుగుతది. కిలో పిండికి 15 దాకా వస్తయి. 5 కిలోలు చేసి, వేడిమీదనే గుడ్డల చుట్టి, సగం సగం తుంచి పెడదాం.

ఊరి లింకు:
సభ నడుమ కొల్లాపూర్ ఊరోళ్లతోటి వీడియో కాల్ ఉంది. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి పోతది. ఇండియాతోటి తేడా అప్పటిసంది తొమ్మిదిన్నర గంటలు కాదు, పదిన్నర. మన 10 అంటే కొల్లాపూర్‌ల రాత్రి 8:30. పెద్దాయన చెల్లెలు పెద్దమనిషి, 9:30 దాటితే కూసోలేదు. అందుకే ఊరోళ్ల మాట మొట్టమొదట, 20 నిమిషాలు. మన సంఘం పెద్దల ప్రసంగాలు ఆ తర్వాతనే. ఊరోళ్లు మాట్లాడేటప్పుడు హాల్ మైకు బంద్ పెట్టాలె, లేకుంటే వాళ్ల గొంతు వాళ్లకే తిరిగి వినబడి మాట ఆగిపోతది. స్కూల్ వైఫై వీడియో కాల్‌ను ఆపొచ్చు, శనివారం ఒకసారి చూసుకోండ్రి, ఫోన్ హాట్‌స్పాట్ తయారుగ పెట్టుండ్రి.

ఫొటోలు:
వాట్సాప్‌ల ఫొటోగ పంపితే చిన్నగయితది, డాక్యుమెంట్‌గ పంపుండ్రి. పెద్దాయన పెద్ద బొమ్మ 24 ఇంటూ 36 అంగుళాలు, దానికి 3600 ఇంటూ 5400 పిక్సెళ్లు కావాలె. దుకాణం తెరిచిన రోజు ఫొటో పాత ఆల్బమ్‌ల జిగురుకు అంటుకొని ఉంది. గుంజొద్దు, వెనక నుంచి పళ్లసందులు తీసే దారం జరుపుకుంట పోతే లేస్తది. మొదటి బిల్లు లామినేషన్ చేపిద్దామన్నరు, అస్సలు వద్దు. అది థర్మల్ కాగితం, వేడి తగిలితే మొత్తం నల్లబడతది. కలర్ జిరాక్స్ తీసి, అదే పెడదాం.

బ్యానర్:
జిల్లా ఏం రాయాలె? పాస్‌పోర్ట్‌ల ఆంధ్రప్రదేశ్ అని ఉంది, ఇప్పుడు కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లా.

ఊరి లింకు:
ఆయన పుట్టింది 1956 నవంబర్ 1కి ముందు, అంటే హైదరాబాద్ స్టేట్‌ల. నాగర్‌కర్నూల్ జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. "పాత పాలమూరు జిల్లా, కొల్లాపూర్ తాలూకా" అని రాస్తే తప్పు పోదు. ఆయన పుట్టిన ఊరు (కొల్లాపూర్ కాదు, ఆ తాలూకాల పల్లె) శ్రీశైలం డ్యాం నీళ్లల్ల మునిగింది, దాని ఫొటో ఎవరి దగ్గర లేదు. కొల్లాపూర్ దగ్గరి ఇంకో ఊరు సోమశిల బొమ్మ నెట్‌ల నుంచి దింపి "మా ఊరు" అని పెట్టొద్దు. కూడవెల్లి సంగమేశ్వర ఆలయం పెడితే, ముంపు నుంచి తరలించి అలంపురంల మళ్లా కట్టిందని కింద రాయాలె.

బ్యానర్:
సరే. "పాలమూరు కూలి నుంచి కోటీశ్వరుడు" అన్న వాక్యం తీసేస్తున్నం. ఆయన కూలికి రాలేదు, బిడ్డకు ఆ మాట నచ్చదు గూడ. మాట్లాడేటోళ్లు ఐదుగురు, తలా 4 నిమిషాలు. "గొప్ప మనిషి" అనుడు ఒకసారి చాలు, దుకాణం ఎట్ల నడిపిండో చెప్పుండ్రి. బియ్యం సంచి మీద మిగిలేది ఎంతో లేదు, బియ్యానికని వచ్చినోళ్లు కొనే పప్పులు, మసాలాల మీదనే కిరాయి వెళ్లేది.

ఫొటోలు:
ఖాతా పుస్తకం ఇస్తమన్నరు ఇంటోళ్లు. ఎవరెవరు బాకీ ఉన్నరో అండ్ల పేర్లతో సహా ఉంది, ఇప్పటికీ కొన్ని కొట్టెయ్యలేదు. ఆ పేర్లోళ్లు కొందరు సభకు వస్తరు. పేజీలు తిప్పనియ్యొద్దు. "శ్రీ" రాసి, కింద పసుపు పెట్టిన మొదటి పేజీ ఒక్కటే తెరిచి, మీద అద్దం పెట్టాలె.

హాల్ పని చూసేటోళ్లు:
అద్దం పెట్టె మన సామాన్ల గదిల ఉంది, తాళంచెవి మాత్రం దొరుకుతలేదు. బతుకమ్మ రోజు ఎవరు తీసుకపోయిన్రో జర సంచులు దులపుండ్రి.