1974 జీపుకి పెట్రోల్ ఇంజనే ఉంచాలా, డీజిల్ ఎక్కించాలా?

కోవూరు_షెడ్డు:
అందరికీ నమస్కారం. చీమకుర్తి వైపు ఒక క్వారీలో పడి ఉన్న 1974 మోడల్ విల్లీస్ జీపును నలుగురు స్నేహితులం డబ్బులేసుకుని కొన్నాం. సీజే3బీ అనే మోడల్, బానెట్ ఎత్తుగా ఉండే రకం. రెండేళ్లుగా ఆదివారాలన్నీ మా ఇంటెనక షెడ్డులోనే. కాళ్ల కింద రేకు వేలితో నొక్కితే చిల్లు పడేది. అంతా కోసి కొత్తది వేశాం. ఇప్పుడు ఇంజన్ దగ్గర ఆగింది. హెడ్ విప్పితే మూడో సిలిండర్ గోడ మీద గోరు తట్టుకునేంత గీత. బోరింగ్ చేయించి, అంటే ఆ గీత పోయేలా సిలిండర్ లోపల తొలిపించి, అసలు హరికేన్ పెట్రోల్ ఇంజనే పెడదామని నేనూ ఇంకొకడూ, మహీంద్రా ఎమ్ఎమ్ 540 జీపుకి వచ్చిన ప్యూజో డీజిల్ ఎక్కిద్దామని మిగతా ఇద్దరూ. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే సోలెక్స్ కార్బురేటర్ కూడా షెడ్డులో ఎక్కడ పెట్టామో దొరకట్లేదు. మీరేమంటారు?

ఒంగోలు_గిత్త:
డీజిల్. ఇందులో అడిగేదేముంది.

పాతబండి_మాస్టారు:
ముందు ఒక మాట. 1974లో విల్లీస్ ఎక్కడిదండీ? అమెరికాలో ఆ కంపెనీ పేరు 1963లోనే కైజర్ జీప్‌గా మారింది. సీజే3బీని 1968లో అక్కడ ఆపేశారు కూడా. మీది లైసెన్సు మీద ఇక్కడ తయారైన మహీంద్రా.

ఆత్మకూరు_రోడ్డు:
పెట్రోల్ అనేవాళ్లు రోహిణి కార్తెలో ఒక్కసారి నడిపి మాట్లాడాలి. నాదీ ఇదే ఇంజన్. మూడేళ్ల కిందట ఉదయగిరిలో పెళ్లికి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పోతుంటే ఆత్మకూరు దాటగానే ఆగింది. వేడికి పంపులోనే పెట్రోల్ ఆవిరై కార్బురేటర్‌కి చుక్క అందలేదు. తువ్వాలు తడిపి పంపుకి చుట్టడం, ఇరవై నిమిషాలు వేపచెట్టు కింద కూర్చోవడం, నాలుగు మైళ్లు పోవడం, మళ్లీ తువ్వాలు. మేం చేరేసరికి తలంబ్రాలైపోయి వంటవాళ్లు గిన్నెలు కడుగుతున్నారు. మా అత్తగారు ఈ రోజుకీ ఎత్తిపొడుస్తుంది. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ కూడా వచ్చింది. ఇథనాల్‌కి ఆ పాత పంపులో రబ్బరు డయాఫ్రం నిలవదు. బండి నెలల తరబడి కదలకపోతే ఆ ఇథనాల్ గాలిలో తేమ లాగి ట్యాంకుకి తుప్పు పట్టిస్తుంది.

ఏపీ27_పెట్రోల్:
తువ్వాలు కథ బాగుంది. ఆ పెట్రోల్ గొట్టం పొగ బయటికి పోయే వేడి మానిఫోల్డ్‌కి ఎంత దగ్గరగా పోతుందో చూశారా సార్? బెత్తెడు జరిపితే తీరేదానికి ఇంజన్ మీద నేరం మోపారు. ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు కూడా వేయించుకోవచ్చు.

డీజిల్ వేసి నేను పడ్డది వినండి. బరువుకి ముందు కమాన్లు కూర్చుండిపోయాయి. అదనంగా పట్టీ వేయిస్తే నా నడుము కూర్చుంది. ఆర్సీ రెన్యువల్‌కి పోతే కాగితంలో పెట్రోల్, బండిలో డీజిల్, ఇంజన్ నంబరే వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూపించి తిప్పి పంపారు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది. ఆ బండిలో ఇప్పుడు మా కోళ్లు పడుకుంటున్నాయి.

మీది యాభై ఏళ్లు దాటింది కదా, 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ కింద పెట్టండి. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబర్లో వీఏ వస్తుంది. ఇంజన్ మార్చారంటే మాత్రం అది పోయినట్టే.

ఆత్మకూరు_రోడ్డు:
వీఏ నంబరుతో రోజూ తిరగనివ్వరని కూడా చెప్పండి మరి. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, పెట్రోల్ కొట్టించడానికి, రిపేరుకి. జీపు కొని దేవుడి గూట్లో పెట్టుకోవాలా?

ఏపీ27_పెట్రోల్:
కోళ్లగూడు కంటే నయం.

పొదలకూరు_నిమ్మ:
6.00-16 టైర్లు నెల్లూరు ఆటోనగర్లో దొరుకుతాయా అన్నా? రెండు చాలు.

పాతబండి_మాస్టారు:
నా ప్రశ్న అలాగే ఉంది. బానెట్ పక్కన అచ్చులో ఏ పేరుందో ఫోటో పెట్టండి, తేలిపోతుంది. ఆ బానెట్ ఎత్తు కూడా ఊరికే రాలేదు. హరికేన్‌లో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, ఎగ్జాస్ట్‌వి కింద బ్లాకులో. ఇంజన్ పెరిగింది కాబట్టి బానెట్ లేపారు. డీజిల్ పెట్టేవాళ్లకి ఆ ఎత్తు దేనికో.

కోవూరు_షెడ్డు:
అది మా వాళ్లకి చెప్పండి మాస్టారూ. డీజిల్ అనేవాళ్లకి బండి విలువ తెలియదు. షెడ్డు నాది, కరెంటు బిల్లు నాది, రేకు కోసింది నేను. వాళ్లు మధ్యాహ్నం బిరియానీ టైముకి వచ్చేవాళ్లు.

నాలుగో_వాటా:
షెడ్డు నీదే, ఒప్పుకున్నాం. ఆ డీజిల్ ఇద్దరిలో ఒకణ్ని నేనేరా. ఛాసిస్ గీకుతూ అరచెయ్యి కోసుకుని ఏడు కుట్లు వేయించుకున్నవాణ్ని కూడా నేనే, బిరియానీ ఎడమచేత్తో తిన్నా. తలా నలభై వేలు వేశాం. కాగితాలు ఎవరి పేరు మీదున్నాయో ఇక్కడ చెప్పు.

వీఏ నంబరు తెచ్చి షెడ్డుకి తాళం వేస్తే తాళంచెవి నీ జేబులో. డీజిల్ అయితే వారానికొకరం ఇంటికి తీసుకుపోతాం. అందుకే డీజిల్ అన్నా. ఏ ఇంజనో నాకెందుకు? మా పిల్లోడు స్టీరింగ్ ముందు కూర్చుంటే "దిగరా, ముట్టుకోకు" అన్నావు. వాడు మళ్లీ రాలేదు.

ఒంగోలు_గిత్త:
అమ్మో.

కోవూరు_షెడ్డు:
ఆ సీట్లో స్ప్రింగు పైకి పొడుచుకొచ్చి ఉంది. గుచ్చుకుంటుందని దిగమన్నా. గట్టిగా అన్నానేమో తెలీదు. కాగితాల సంగతి కొన్నప్పుడు ఎవరూ అడగలేదు కదరా.

నాలుగో_వాటా:
అడక్కపోతే రాయవా? కార్బురేటర్ కోసం వెతకొద్దు. ఆ రోజే పట్టుకుపోయా. మా ఇంట్లో మిక్సీ పక్కనుంది.

కోవూరు_షెడ్డు:
నాలుగు నెలలు షెడ్డంతా తిరగేశాను కదరా! ఫ్లోట్ వంగకుండా చూడు. ఆదివారం బ్లాకును లేత్ షాపుకి మోయాలి, ఇద్దరి వల్ల కాదు. పిల్లోణ్ని కూడా తీసుకురా, సీటు కుట్టించా.

నాలుగో_వాటా:
వస్తాం. ముందు నలుగురి పేర్లూ కాగితం మీద పడాలి, తర్వాతే బ్లాకు. బాండు పేపరు నేనే తెస్తా.