వార్డులో పేషెంట్ల పంపకం, డ్యూటీ రోస్టర్ అన్యాయంగా ఉంటే ఎవరికి, ఎలా చెప్పాలి?

ప్రశ్న: స్టాఫ్ నర్సు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్-సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను. మా వార్డులో 36 పడకలున్నాయి, అవి దాదాపు ఎప్పుడూ నిండే ఉంటాయి. ఉదయం నలుగురం, మధ్యాహ్నం ముగ్గురం, రాత్రి ఇద్దరం డ్యూటీలో ఉంటాం. అంటే రాత్రి 8 గంటలకు వచ్చిన నర్సు తెల్లవారి 8 గంటల వరకు 18 మందిని ఒక్కతే చూసుకోవాలి. వారిలో ఆ రోజే ఆపరేషన్ అయి వచ్చినవారు, రక్తం ఎక్కుతున్నవారు, గంటగంటకూ షుగర్ చూడవలసినవారు కూడా ఉంటారు.

సిబ్బంది తక్కువ అన్న మాట చాలా చోట్ల వింటున్నదే. నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది, ఉన్న కొద్దిమంది మధ్య పని పంచే తీరు. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు దగ్గరైనవారికి డిశ్చార్జికి సిద్ధంగా ఉన్నవారి గదులు వస్తాయి. కొత్తగా చేరిన జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా చేసిన) పిల్లలకు, ఎప్పుడైనా ఎదురు ప్రశ్న వేసినవారికి, పక్క మీద నుంచి లేవలేని పేషెంట్లున్న వరుస వస్తుంది. రోస్టర్ శనివారం రాత్రి వాట్సాప్‌లో పెడతారు, ఆదివారం మధ్యాహ్నానికి అది మళ్లీ మారిపోతుంది. వారాంతపు సెలవు రద్దయితే దానికి బదులు ఎప్పుడిస్తారో చెప్పరు. ఇంతకు ముందు అడుగుపెట్టని ఐసీయూకు, అక్కడి పద్ధతులు ఎవరూ నేర్పకుండానే, రాత్రికి రాత్రి పంపిస్తారు. బయోమెట్రిక్‌లో వేలిముద్ర వేశాక మళ్లీ కూర్చుని నోట్స్ పూర్తి చేసే సమయం ఏ లెక్కలోకీ రాదు.

దీని గురించి మాట్లాడితే "నీకు టైమ్ మేనేజ్‌మెంట్ రాదు" అన్నారు. నెమ్మదిగా పని చేయడం నా లోపమైతే సరిదిద్దుకోవడానికి నేను సిద్ధమే. కానీ 18 మందికి రాత్రి 10 గంటల మందులు సమయానికి అందించడం ఎవరి చేతనవుతుందో నాకు తెలియడం లేదు. ఉద్యోగం పోకుండా ఈ విషయాన్ని ఎవరి దృష్టికి, ఏ విధంగా తీసుకువెళ్లాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

సమాధానం: విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్, ప్రభుత్వ బోధనాసుపత్రి

అమ్మా, ముందుగా ఒక మాట. మీరు నెమ్మదిగా పని చేస్తున్నారన్నది సరైన నిర్ధారణ కాదు. లెక్క వేసి చూద్దాం. సాధారణ వార్డుకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన ప్రమాణం 1:3, అంటే మూడు షిఫ్టులూ కలిపి రోజు మొత్తానికి ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు. దీన్ని చాలామంది ప్రతి షిఫ్టులోనూ ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు అని పొరపాటుగా అర్థం చేసుకుంటారు, యాజమాన్యం ముందు అలాగే వాదించి మాట పోగొట్టుకుంటారు. కౌన్సిల్ పత్రంలోనే ఒక్కో షిఫ్టుకు అది 1:9 అవుతుందని ఉంది. దానిపైన సెలవుల కోసం మరో 30 శాతం సిబ్బందిని అదనంగా ఉంచాలి. ఆ ప్రకారం మీ 36 పడకలకు షిఫ్టుకు నలుగురు చొప్పున 12 మంది, సెలవుల నిల్వతో కలిపి సుమారు 16 మంది కావాలి. మీ దగ్గర రోజుకు డ్యూటీలో ఉంటున్నది 9 మంది. రాత్రి పూట అయితే ప్రమాణంలో సరిగ్గా సగం.

ఆ 30 శాతం నిల్వ లేకపోవడమే మీరు చెప్పిన కష్టాల్లో చాలావాటికి మూలం. ఒకరికి జ్వరం వస్తే మరొకరి వారాంతపు సెలవు పోతుంది, శనివారం వేసిన రోస్టర్ ఆదివారం నిలవదు, ఐసీయూలో ఖాళీ ఏర్పడితే వార్డు నుంచి ఎవరినో ఒకరిని లాగుతారు. ఇది ఇన్‌ఛార్జ్ సిస్టర్ స్వభావం వల్ల మాత్రమే జరిగేది కాదు. అయితే పేషెంట్లను పంచడంలో పక్షపాతం మాత్రం పూర్తిగా ఆమె బాధ్యతే, దానికి సిబ్బంది కొరతను సాకుగా చెప్పడం కుదరదు.

దీని గురించి నర్సింగ్ సూపరింటెండెంటుకు ఉత్తరం రాసేటప్పుడు "నాకు అన్యాయం జరుగుతోంది" అని మొదలుపెట్టవద్దు. పేషెంటుకు ఏమి అందలేదో రాయండి. ఫలానా తేదీ రాత్రి ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు ఉన్నారు, ఏ యాంటిబయోటిక్ ఎంత ఆలస్యమైంది, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పవలసిన పేషెంటును ఎన్నిసార్లు తిప్పలేకపోయారు అన్న వివరాలుండాలి. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ వంటి మందులను ఇద్దరు నర్సులు కలిసి సరిచూడవలసి ఉండగా, రెండో నర్సు వార్డు అవతలి చివరన తీరిక లేకుండా ఉండి, సంతకం తెల్లవారాక పెట్టిన సందర్భాలుంటే అవి చాలా తీవ్రమైనవి. ఇటువంటివి జరిగిన రోజే ఇన్సిడెంట్ రిపోర్టులో (వార్డులో జరిగిన పొరపాట్లు, ప్రమాదాలు నమోదు చేసే పత్రంలో) రావాలి. పేషెంట్ల పేర్లు, కేస్ షీట్ల ఫొటోలు మాత్రం మీ సొంత ఫోనులో ఉంచుకోకండి. ఆ ఒక్క తప్పును పట్టుకుని అసలు విషయాన్ని పక్కన పెట్టేస్తారు.

సమాధానం: వార్డు ఇన్‌ఛార్జ్, విజయవాడ

సిస్టర్, రోస్టర్ వేసే వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఇండెంట్లు (మందులు, సామాన్ల కోసం స్టోరుకు రాసే చీటీలు), బిల్లింగ్ క్లియరెన్స్, ఇన్సూరెన్స్ డిశ్చార్జిలు, డాక్టర్ల రౌండ్లు, బంధువుల ఫిర్యాదులు అన్నీ చూసుకునే ఇన్‌ఛార్జికి పేషెంట్ల పంపకం గురించి ఆలోచించడానికి మిగిలేది హ్యాండోవర్ (షిఫ్టు అప్పగింత) సమయంలో కొద్ది నిమిషాలే. నర్సులు గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లిపోతే ఆ ఖాళీని నింపే అధికారం ఆమెకు లేదు. కాబట్టి ఆమెను శత్రువుగా చూడకుండా మొదట ఆమెతోనే మాట్లాడమని నా సలహా.

అయితే పడకల నంబర్లను బట్టి పంచడం తప్పు పద్ధతి అని నేనూ ఒప్పుకుంటాను. మా వార్డులో ప్రతి పేషెంటుకు షిఫ్టు చివర ఒక అంకె వేస్తాం. తన పని తాను చేసుకోగలిగినవారికి 1, కొంత సాయం కావలసినవారికి 2, పూర్తిగా నర్సుపై ఆధారపడినవారికి 3. పంపకంలో మనుషుల సంఖ్యను కాక ఈ అంకెల మొత్తాన్ని సమానం చేస్తాం. అప్పుడు ఒకరికి ఏడుగురు, మరొకరికి పదకొండు మంది వచ్చినా ఎవరూ గొడవ పడరు, ఎందుకంటే లెక్క బోర్డు మీద అందరికీ కనిపిస్తుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. మీరు ఈ ప్రతిపాదన చేస్తే వద్దనడానికి ఆమెకు కారణం దొరకదు.

సమాధానం: తెలుగు నర్సు, ఇంగ్లండ్

పై రెండు సలహాలతోనూ ఏకీభవిస్తున్నాను, కానీ ఇన్‌ఛార్జి మేడమ్ మాటల్లో ఒకదానికి మాత్రం అడ్డు చెప్పక తప్పడం లేదు. భారాన్ని సమానంగా పంచినంత మాత్రాన అది మోయదగిన భారం అయిపోదు. రాత్రి ఇద్దరికీ సరిసమానంగా పంచినా తలా 18 మందే వస్తారు.

ఇక్కడ నైస్ అనే జాతీయ సంస్థ 2014లో వయోజనుల వార్డుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, పగటి షిఫ్టులో ఒక నర్సుకు ఎనిమిది మందికి మించి పేషెంట్లుంటే హాని జరిగే ప్రమాదం పెరుగుతుందని హెచ్చరించింది. అది చట్టబద్ధమైన పరిమితి కాదు, ఇక్కడ కూడా దాన్ని దాటే వార్డులున్నాయి. నాకు నిజంగా ఉపయోగపడినవి అందులో ప్రమాద సూచికలుగా చెప్పిన రెడ్ ఫ్లాగ్‌లు. నొప్పి మందు అరగంటకు మించి ఆలస్యం కావడం, ఇవ్వవలసిన మందు ఇవ్వలేకపోవడం, వైటల్స్ (బీపీ, నాడి వంటివి) చూడలేకపోవడం, వార్డులో ఇద్దరికన్నా తక్కువ మంది రిజిస్టర్డ్ నర్సులుండటం వంటివి జరిగిన వెంటనే షిఫ్టు ఇన్‌ఛార్జికి తెలపాలి, అదనపు సిబ్బంది అవసరమా కాదా అన్నది ఆమె నిర్ణయించాలి. తెలిపిన నర్సు తన చేతగానితనాన్ని ఒప్పుకున్నట్టు ఎవరూ భావించరు.

మీ నర్సింగ్ సూపరింటెండెంటుకు పరిశోధన చూపించాలనుకుంటే, 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై ప్రచురించిన అధ్యయనం ఉంది. శస్త్రచికిత్స పేషెంట్ల విషయంలో, నర్సుకు ఒక్క పేషెంటు పెరిగిన కొద్దీ 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు అందులో తేలింది. 2014లో తొమ్మిది ఐరోపా దేశాలపై వారు చేసిన అధ్యయనంలోనూ దాదాపు అదే ఫలితం వచ్చింది. కాలిఫోర్నియా 2004 నుంచి నర్సు-పేషెంటు నిష్పత్తిని చట్టం ద్వారానే అమలు చేస్తోంది. ఇవి చదివాక, 18 మందిని చూడలేకపోవడం ఒక నర్సు సమస్య అని చెప్పడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

మేడమ్, సిస్టర్లు, అందరికీ ధన్యవాదాలు. అంకెల పద్ధతి గురించి ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో ఈ వారమే మాట్లాడతాను. ఇక్కడ ఇంకొక చిక్కుంది. చేరేటప్పుడు మా అందరి దగ్గరా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని, బాండు రాయించుకున్నారు. అందుకే ఉత్తరం మీద సంతకం చేయడానికి తోటివారు భయపడుతున్నారు.

సమాధానం: విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్

అమ్మా, మీ సర్టిఫికెట్లు మీ సొత్తు. వాటిని ఇవ్వమని లిఖితపూర్వకంగా అడిగి, ఆ ఉత్తరం అందినట్టు నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇవ్వకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఈ సంగతి మన నర్సుల్లో చాలా కొద్దిమందికే తెలుసు. బాండు కాగితం నకలు తీసుకువెళ్లి, అందులోని ఏ షరతు చెల్లుతుందో, ఏది చెల్లదో అక్కడి న్యాయవాదినే అడగండి.

మరొకటి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించడంతో ప్రైవేటు నర్సుల స్థితిగతులపై కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానమైన జీతం, 50 పడకలలోపు వాటిలోనైనా నెలకు రూ. 20,000కు తగ్గని జీతం ఇవ్వాలని, పనిగంటలు, సెలవులు కూడా ప్రభుత్వ నర్సులకు ఉన్నట్టే ఉండాలని సిఫార్సు చేసింది. అమలు రాష్ట్రాల చేతిలో ఉన్నందున అది మీకు నేరుగా హక్కుగా మారలేదు. కేరళలో నర్సులు సంఘటితమై ఏళ్ల తరబడి పోరాడాక 2018లో కనీస వేతనాలపై ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. మీ ఉత్తరంలో ఈ సిఫార్సును ఒక్క వాక్యంలో పేర్కొంటే చాలు, దాన్నే ప్రధాన డిమాండుగా చేయవద్దు. రాత్రి డ్యూటీకి నలుగురు నర్సులు, రెండు వారాల ముందే రోస్టర్, రద్దయిన సెలవుకు రాసిచ్చిన బదులు తేదీ, ఐసీయూకు పంపే ముందు శిక్షణ అన్న నాలుగు విషయాలకే పరిమితం కండి.

సంతకాల భయం సహజమే. పేర్లను సీనియారిటీ ప్రకారం కాక అక్షరక్రమంలో రాయండి, ఉత్తరం ఎవరు తయారు చేశారో బయటికి రానవసరం లేదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు కూడా ముందే చూపించి, ఆమె ఒప్పుకుంటే ఆమె సంతకం కూడా తీసుకోండి. రాత్రి డ్యూటీకి నలుగురు కావాలన్న కోరిక ఆమెకూ ఉండే ఉంటుంది. నర్సింగ్ సూపరింటెండెంటుకు ఇచ్చి, నకలు మెడికల్ సూపరింటెండెంటుకు, హెచ్‌ఆర్ విభాగానికి అదే రోజు పంపండి. పదిహేను రోజుల్లో జవాబు కోరుతున్నామని చివర రాయండి. ఆ ముసాయిదా పేర్లు లేకుండా ఇక్కడ పెడితే భాష నేను సరిచూసి ఇస్తాను.